తడుముళ్ళక్క

"చేతులెత్తు" అని ఆమె అనాల్సిన పనే ఉండేది కాదు. వరసలో ముందుకొచ్చిన మనిషి చేతులు వాటంతటవే లేచేవి. ఆమె అరచేతులు ముందు భుజాల మీద వాలి, పక్కటెముకల మీదుగా జారి, నడుము చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, జేబుల పైన రవ్వంత ఆగి, మోకాళ్ళ దాకా దిగి వదిలేసేవి. "వెళ్ళు." వెనకున్న మనిషి ముందుకొచ్చేది. "వెళ్ళు." పొద్దుటిపూట ఆ రేకుల నడవలో ఆమె నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే.

పొద్దున వెతికేది ఫోన్ల కోసం. కుట్టుమిషన్ల దగ్గరికి ఫోను తీసుకెళ్ళకూడదు. సాయంత్రం వెతికేది బట్టల కోసం. లోపల తయారయ్యేవన్నీ పరదేశాల పిల్లలు తొడుక్కునే చొక్కాలూ గౌన్లూ. వాటిలో ఒక్క గుండీ కూడా గేటు దాటకూడదు. ఆడవాళ్ళని వెతకడానికి ఆడమనిషి కావాలి కాబట్టి సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు ఆమెని అక్కడ నిలబెట్టారు. ఆమె జీతం ఇచ్చేది ఏజెన్సీ, ఆమెకి పని చెప్పేది ఫ్యాక్టరీ. ఏదైనా తేడా వస్తే ఇద్దరిలో ఎవరికీ ఆమె తమ మనిషి కాదు.

ఎదురుగా అందరూ ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళు. వెనక మాత్రం తడుముళ్ళక్క అనేవాళ్ళు. ఆ పేరు తనకి తెలియనట్టే ఆమె ఉండేది, ఆమెకి తెలుసన్న సంగతి తమకి తెలియనట్టు వాళ్ళూ ఉండేవాళ్ళు. పొట్టి మనిషి. యూనిఫాం ఒక సైజు పెద్దది, భుజాల కుట్టు మోచేతుల వైపు జారిపోయి ఉండేది. ముఖం చూసి వెంటనే మర్చిపోవచ్చు. చేతులు మాత్రం ఒంటికి పొంతన లేనంత వెడల్పు. ఇంట్లో మొగుడు వాటిని చూసి నవ్వేవాడు. "దేవుడు నిన్ను చేస్తూ చేస్తూ చేతుల దగ్గరికొచ్చేసరికి ఎవరో పిలిచుంటారే, పక్కవాళ్ళవి తగిలించేసి పోయాడు" అనేవాడు. జీన్ ప్యాంట్ల మీద ఇసుక కొట్టి రంగు వెలవెలబోయేలా చేసే పనిలో అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తుందని నవ్వడం మానలేదు. ఆ దగ్గుల మధ్యనే వంట చేసి, ఇల్లు ఊడ్చి, పెళ్ళానికీ కోడలికీ అన్నం డబ్బాలు కట్టి పంపేవాడు.

ఆ చేతులు ఇంతకుముందు ఒక ప్రసూతి ఆసుపత్రిలో పురిటిపిల్లలకి నీళ్ళు పోశాయి. ముంజేతి మీద తల ఆనించుకుని, అరచేతిలో వీపు పట్టుకుని ఎంతమందికి పోసిందో ఆమెకే లెక్క తెలియదు. ఆసుపత్రి మూతపడ్డాక చాలారోజులు ఖాళీగా ఉండి ఈ పనిలో చేరింది. మొదటి వారం ఆమెకి నిద్ర పట్టలేదు. పసిపిల్లలైతే పట్టుకోగానే చేతిలో ఒదిగేవాళ్ళు. ఇక్కడ ముట్టుకున్న ప్రతి ఒళ్ళూ బిగుసుకుపోయేది, ఊపిరి బిగపట్టేది, ఎప్పుడు వదులుతావన్నట్టు ముడుచుకుపోయేది. పోనుపోను ఆమెకీ అలవాటైంది, వాళ్ళకీ అలవాటైంది.

అలవాటుతో పాటు అక్కర్లేని సంగతులు కూడా చేతులకి తెలిసేవి. ఎవరు చిక్కిపోతున్నారో, ఎవరి వీపు మీద చెయ్యి వేస్తే నొప్పితో ఉలిక్కిపడుతున్నారో, ఎవరికి నెల తప్పిందో. నెల తప్పినవాళ్ళ పేర్లు వెంటనే చెప్పమని ఆఫీసు సారు మొదట్లోనే ఆజ్ఞాపించాడు. ఏ అమ్మాయి గురించి అడిగినా "లావెక్కింది సార్, అంతే" అనేది ఆమె. అంతకు మించి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఎవరేం చెప్పినా "అలాగే సార్" అనేది. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో అందరికీ ఆమె మీద నమ్మకం.

ఈ మధ్య ఆ చేతులకే ఇంకో సంగతి తెలిసింది. భుజాలు మారాయి. ముట్టుకుంటే ముడుచుకుపోయే భుజాలు కాస్త కాస్తగా నిలబడుతున్నాయి. ముందు కాలర్లు అతికే వరసలో మొదలైంది. తర్వాత చొక్కా చేతులు అతికే వరస, ఆ తర్వాత గుండీలవాళ్ళు. ఎవరూ ఆమెతో ఒక్క మాట చెప్పలేదు. సంఘం పెడుతున్నారన్న కబురు ఆఫీసుకి చేరకముందే ఆమె అరచేతులకి చేరింది. చేరినా అది నడుం దగ్గర దాచిన గుడ్డముక్క కాదు కదా, పట్టుకుని ఎవరికైనా చూపించడానికి. వెళ్ళు అంది, అంతే.

దానికంతటికీ మూలం కాలరమ్మాయి. మిషను మీద కాలర్లు అతుకుతుంది కాబట్టి ఆ పేరు. బక్కపలచగా, గొంతు బొంగురుగా, నడిస్తే పరిగెడుతున్నట్టు ఉండేది. ఎండాకాలంలో ఫ్యాన్లు ఆగిపోయి, కడుపుతో ఉన్న పిల్ల ఒకతి మిషను మీదే ఒరిగిపోతే, మంచినీళ్ళ కోసం లేచిన మొదటి మనిషి కాలరమ్మాయి. ఒరిగిపోయిన పిల్లని మర్నాడు పనిలోంచి తీసేస్తే, ఎందుకు తీసేశారని అడిగిన మొదటి మనిషీ ఆమే. అడగడం మొదలయ్యాక ఆగలేదు. తర్వాత ఆఫీసు ఊరుకుంటుందా? గుండీలు కుట్టే పెద్దావిడని మరకలు తుడిచే గదిలోకి మార్చారు. కిటికీ లేని గది. సాయంత్రం ఆవిడని తడిమితే బట్టల నుంచి వచ్చే మరకల మందు వాసన చేతులకి అంటుకుని, సబ్బుతో కడిగినా పోయేది కాదు. ఇంకొకామెని ఆఫీసు గదిలోకి ఒంటరిగా పిలిచి, తలుపేసి, తనంతట తానే మానేస్తున్నానని చెప్పించుకుని పంపేశారు. ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరిని ఆఫీసులోకి పిలిచినా ఒక్కతే వెళ్ళకూడదు, పక్క మిషను మనిషి కూడా లేవాలి. ఒకసారి అలాగే లేచారు. పక్క మనిషిని చూసి ఆ పక్కామె, ఆమెని చూసి ఇంకొకామె, మొత్తం వరసే లేచి నిలబడింది. ఆఫీసు తలుపు ఆ రోజు తెరిచే ఉంచాల్సి వచ్చింది.

ఇవన్నీ ఆమెకి రేకుల అవతలి నుంచి వినబడిన సంగతులు. కోడలు చెప్పి ఉండవచ్చు కానీ చెప్పదు. కొడుకు లారీ మీద పోయి వారాల తరబడి రాడు. అతని పెళ్ళాం ఇదే ఫ్యాక్టరీలో చేతులు అతికే వరసలో కుడుతుంది. చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఆ పిల్ల జేబులో అత్తగారి వేళ్ళకి ఒక దారపు ఉండ తగిలింది. మొగుడి చొక్కా చిరుగు కుట్టడానికి పట్టుకెళ్తోంది. ఆమె దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టింది. సొంత కోడల్ని వదిలేస్తే రేపు ఎవరి జేబులో చెయ్యి పెట్టే మొహం ఉంటుంది? వరసలో అందరూ చూస్తుండగా సూపర్‌వైజర్ ఆ పిల్లని తిట్టాడు. ఆనాటి నుంచి ఇంట్లో అత్తయ్యా అంటూ అన్నం వడ్డించే కోడలు, గేటు దగ్గర మాత్రం చేతులెత్తి గోడవైపు చూస్తూ నిలబడేది. పొద్దున ఇద్దరూ ఒకే ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు, ఒకే వీధిలో నడిచేవాళ్ళు, కొన్ని అడుగుల ఎడంగా.

ఆ పొద్దున కాలరమ్మాయి వరసలో ముందుకొచ్చింది.

"అక్కా, నీ చేతులు చల్లగా ఉన్నాయి. ఎండాకాలమంతా నువ్వే తడుము, మేం ఫ్యాన్లు అడగం" అంది.

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమెకి నవ్వొచ్చింది గానీ దవడ దగ్గరే ఆపేసుకుని సంచీ తెరవమంది. అన్నం డబ్బా, నీళ్ళ సీసా, మడిచిన తువ్వాలు. కాలరమ్మాయి సంచీని నడవలోని కొక్కేనికి తగిలించి లోపలికి పరిగెత్తింది. అందరి సంచీలూ సాయంత్రం దాకా ఆ కొక్కేలకే వేలాడాలి. వాటి ముందు స్టూలు మీద ఆమె కూర్చోవాలి. మరుగుదొడ్ల తలుపులు కూడా ఆ నడవలోకే తెరుచుకుంటాయి కాబట్టి ఎవరెంతసేపు ఉంటున్నారో చూడటం కూడా ఆమె పనే. చూసేది. ఎవరైనా అడిగితే "ఇప్పుడే వెళ్ళింది సార్" అనేది.

మధ్యాహ్నం అన్నాలు తిని, డబ్బాలు మళ్ళీ సంచీల్లో పెట్టి అందరూ లోపలికి వెళ్ళాక సూపర్‌వైజర్ వచ్చాడు. ఎప్పుడూ అరుపులే తప్ప మాట లేని మనిషి ఆ రోజు మెత్తగా మాట్లాడాడు. ఆఫీసు సారు పిలుస్తున్నాడనీ, వెళ్ళి రమ్మనీ, అంతవరకూ స్టూలు దగ్గర తానుంటాననీ చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోయింది. ఆ స్టూలు మీద అతను ఏనాడూ చెయ్యి కూడా ఆనించలేదు.

ఆఫీసు ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. పిలిచినవాడికి ఆమెతో తొందరేమీ ఉన్నట్టు లేదు. గాజు తలుపులోంచి అతను ఫోను చూసుకుంటూ కనిపిస్తూనే ఉన్నాడు. చివరికి లోపలికి రమ్మన్నాడు. కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెని కూర్చోమన్నవాళ్ళు లేరు. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆమె మొగుడి దగ్గు ఎలా ఉందని అడిగాడు. ఏజెన్సీ కింద ఎన్నాళ్ళు పడి ఉంటావు, ఫ్యాక్టరీలోనే పర్మనెంటు చేయిస్తే బాగుంటుంది కదా అన్నాడు. కోడలు కూడా ఇక్కడే కదా, బాగా కుడుతుందని విన్నాను, ఆ పిల్ల చెడు సావాసాలు పట్టకుండా చూసుకో అన్నాడు. మాటల్లో మాటగా అసలు సంగతికి వచ్చాడు.

"నువ్వు కొత్తగా చేసేదేం లేదమ్మా. రోజూ చేసేదే. ఇవాళ సాయంత్రం ఆ కాలర్లమ్మాయి సంచీ కాస్త బాగా వెతుకు. దొరుకుతుంది."

"ఏం దొరుకుతుంది సార్?"

"దొరికాక నీకే తెలుస్తుంది. దొరికింది దొరికినట్టు చెప్పు. మిగతాది మేం చూసుకుంటాం."

"అలాగే సార్" అంది ఆమె. ఆ మాట ఆమె అనలేదు, అలవాటే అంది.

తిరిగొచ్చేసరికి సూపర్‌వైజర్ నడవ చివర నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి తలూపి వెళ్ళిపోయాడు. ఆమె స్టూలు మీద కూర్చుని కొక్కేల వైపు చూసింది. కాలరమ్మాయి సంచీ కొక్కేనికే ఉంది కానీ వేలాడే తీరు మారింది. పొద్దున కింద బరువుగా, పైన మడతలు పడి ఉన్నది ఇప్పుడు మధ్యలో ఉబ్బి ఉంది. లేచి వెళ్ళి పైనుంచే అరచెయ్యి ఆనించింది. డబ్బా, సీసా, తువ్వాలు. వాటి మధ్యలో పొద్దున లేనిదేదో, పలచగా, మడతలు గట్టిగా. తెరిచి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆ చేతికి లేదు.

అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుంది, మూత తియ్యలేదు. దొంగతనమంటే పనిలోంచి తియ్యడంతో పోదు. పోలీసులు వస్తారు. దొంగతనం చేసిన మనిషి వెనక ఏ వరస లేచి నిలబడుతుంది? ఎంత మంచిదనుకున్నాం, చివరికి ఇదా అనుకుంటారు. ఒక్క సంచీతో కాలరమ్మాయీ పోతుంది, కట్టుబాటూ పోతుంది, మళ్ళీ అందరి భుజాలూ ముడుచుకుంటాయి. దీనికంతటికీ సాక్ష్యం తన చేతులు.

ఆ ఉబ్బుగా ఉన్నదాన్ని ఇప్పుడే తీసి మరుగుదొడ్డి వెనక పారేద్దామా అనుకుంది. పారేస్తే ఇవాళ గడుస్తుంది. రేపు ఇంకో సంచీలో పెడతారు, గేటు దగ్గర ఇంకో మనిషిని పెడతారు. పోనీ తెలియనట్టు వెతికి, దొరికినా దొరకలేదని అంటే? సూపర్‌వైజర్ పక్కనే నిలబడతాడు, తానే తీసి చూపిస్తాడు. ఏ దారి చూసినా గోడే ఎదురయింది. ఇంటి సంగతి కూడా గుర్తుకొచ్చింది. తన పని పోతే, కోడలి పని కూడా పోతే, లారీ మీద తిరిగే ఒక్కడి సంపాదన మీద నలుగురు బతకాలి. మొగుడి మందులు ఆగుతాయి. భయం వేసింది. ఒంట్లో అన్ని చోట్లా వేసింది గానీ, విచిత్రంగా చేతులు మాత్రం వణకలేదు. ఒళ్ళో డబ్బా మీద రెండూ స్థిరంగా ఉన్నాయి. వాటిని చూసుకుని చివరికి మూత తీసి అన్నం తింది. ఆకలితో ఏ పనీ చెయ్యకూడదని మొగుడంటాడు.

మధ్యాహ్నం తిరిగాక కోడలు మరుగుదొడ్డి దగ్గరికి వచ్చింది. అత్తగారిని చూడనట్టే దాటిపోబోయింది.

"ఆగు" అంది ఆమె.

కోడలు ఆగింది. ఫ్యాక్టరీ లోపల అత్తగారు ఆ పిల్లతో వెళ్ళు అన్న మాట తప్ప ఇంకో మాట అనడం అదే మొదటిసారి.

"మీ వాళ్ళందరికీ చెప్పు. సాయంత్రం గంట కొట్టాక ఎవరూ ముందుగా వెళ్ళిపోవద్దు. అందరూ ఒక్కసారే గేటు దగ్గరికి రావాలి."

కోడలు ముఖం గట్టిపడింది. "మా వాళ్ళెవరు అత్తయ్యా? నాకేం తెలుసు?"

"నీ భుజాలు నేను రోజూ చూస్తున్నా కదే. చెప్పింది చెయ్యి."

ఆ పిల్ల ఆమె వైపు తేరిపార చూసింది. వచ్చిన పని కూడా మర్చిపోయి వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గంట కొట్టకముందే గేటు బయట మోటారు సైకిలు మీద ఒక పోలీసు వచ్చి, ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాడు. ఆఫీసు సారు దిగి వచ్చి నడవలో నిలబడ్డాడు. సూపర్‌వైజర్ బల్ల పక్కన చేరాడు. ఆమె ముందు ఒక పని చేసింది. ఆడవాళ్ళని వెతికే చోట అడ్డంగా ఉండే తెరని ఒక పక్కకి లాగి ముడేసింది. బల్లని ఒక్కతే ఈడ్చుకుంటూ నడవ మధ్యలోకి, అందరికీ కనిపించే చోటికి తెచ్చింది. ఇదేమిటని సూపర్‌వైజర్ అడిగితే, బాగా వెతకమన్నారు కదా, ఇక్కడైతే వెలుగుంది అంది.

గంట కొట్టింది. రోజూ ఇంటికి పరిగెత్తే తొందరలో ఒకరినొకరు తోసుకుంటూ వచ్చేవాళ్ళు ఆ రోజు తొయ్యలేదు. కాలర్ల వరస, చేతుల వరస, గుండీలవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, అందరూ కలిసి నిండుగా వచ్చి నడవ పొడుగునా ఆగారు. వెనకవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. మరకల గది పెద్దావిడ ఎర్రబడ్డ కళ్ళతో ముందు వరసలోనే ఉంది. కాలరమ్మాయి తన సంచీ తీసి బల్ల మీద పెట్టి, అలవాటుగా చేతులెత్తింది.

"చేతులు దించమ్మా" అంది ఆమె. ఆ మాట వరసలో ముందున్నవాళ్ళకి అర్థం కాలేదు. ఆమె సంచీని ముట్టుకోలేదు. తన రెండు చేతులూ అందరికీ కనిపించేలా బల్ల అంచు మీద పెట్టింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని గొంతు, మొదట కీచుగా వచ్చింది, తర్వాత సర్దుకుంది.

"అందరూ వినండి. ఈ సంచీ నేనింకా తెరవలేదు. తెరిస్తే ఇందులో మన ఫ్యాక్టరీ బట్టలుంటాయి. తెరవకుండానే నాకెలా తెలుసంటారా? దొరుకుతుందని మధ్యాహ్నం ఆఫీసులో కూర్చోబెట్టి సారే చెప్పారు. నేనక్కడ కూర్చున్నంతసేపూ ఈ కొక్కేల దగ్గర ఉన్నది సూపర్‌వైజర్ గారు. పొద్దున ఈ సంచీలో అన్నం డబ్బా, సీసా, తువ్వాలు తప్ప ఏమీ లేవు. నేనే చూశాను. అదిగో, బయట పోలీసు కూడా టీ తాగేసి రెడీగా ఉన్నాడు. దొంగతనం ఇంకా బయటపడనే లేదు, ఆయన మాత్రం వచ్చేశాడు."

లోపల ఎక్కడో ఆపడం మర్చిపోయిన ఒక మిషను గుయ్యిమంటున్న చప్పుడు వినబడింది. అప్పుడు ఆమె సంచీ తెరిచి, డబ్బా పక్కన పెట్టి, సీసా పక్కన పెట్టి, తువ్వాలు కింద నుంచి రెండు చొక్కాలు తీసి బల్ల మీద పెట్టింది. చిన్నపిల్లల చొక్కాలు. ఇస్త్రీ అయి, అట్ట పెట్టి మడిచి, చీటీ వేలాడుతున్నవి.

కాలరమ్మాయి వాటి వంక చూసింది గానీ ముట్టుకోలేదు. బొంగురు గొంతుతో నెమ్మదిగా అంది. "ఇవి ప్యాకింగ్ దాటినవి. అన్నం తిని వచ్చాక నేను మిషను మీంచి లేవనే లేదు. ఇవి నా దగ్గరికి నడిచొచ్చాయా సార్?"

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో నడవలో బిగపట్టిన ఊపిరి వదిలినట్టయింది. ఆఫీసు సారు ఈ ముసలిదానికి మతి పోయిందని అరిచాడు. ఏజెన్సీకి ఫోను చేస్తానన్నాడు. అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నాడు. మరకల గది పెద్దావిడ ఉన్నచోటే నేల మీద కూర్చుంది. ఆమె పక్కన కోడలు కూర్చుంది. ఆ తర్వాత ఎవరు ముందు ఎవరు వెనక అన్నది లేదు, నడవంతా కూర్చుంది, నడవ పట్టనివాళ్ళు గేటు లోపలి మైదానంలో కూర్చున్నారు. సరుకు నింపుకుని ఓడరేవుకి బయల్దేరాల్సిన లారీ వాళ్ళ వెనకే ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపి, తలుపు తీసుకుని, ఇది నా తగువు కాదన్నట్టు మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

పోలీసు లోపలికి వచ్చి విషయమేమిటని అడిగాడు. అందరూ ఒకేసారి చెప్పారు. అతనికి ఎంత అర్థమైందో గానీ, ఇంతమంది కళ్ళ ముందు ఒక్క ఆడపిల్లని బండెక్కించుకుని పోవడం కుదరదని మాత్రం అర్థమైంది. ఆ చొక్కాలెవరూ ముట్టుకోవద్దని చెప్పి, తాను వేరే పని మీద ఇటు వచ్చానని చెప్పుకున్నాడు.

పెద్ద మేనేజరు దిగి రావడానికి చాలాసేపు పట్టింది. అప్పటికి ఎండ గోడ దాటిపోయింది. ఆయనకి ఎవరి మీదా కోపం లేదన్నాడు, ఏదో పొరపాటు జరిగిందన్నాడు, లారీ వైపు చూస్తూ మాట్లాడాడు. కాలరమ్మాయి రేపు తన మిషను దగ్గరే కూర్చుంటుందనీ, గుండీల పెద్దావిడ మరకల గదిలోంచి బయటికి వస్తుందనీ, దీని గురించి ఎవరినీ ఏమీ అనబోమనీ అందరి ముందూ, పోలీసు వినేలా చెప్పమన్నారు. చెప్పాడు. వెనకవాళ్ళకి వినబడలేదన్నారు. మళ్ళీ చెప్పాడు.

"మరి అక్క సంగతి?" అని అడిగింది కాలరమ్మాయి.

ఆమె ఏజెన్సీ మనిషి, మాకు సంబంధం లేదన్నాడు మేనేజరు. అప్పటికే ఏజెన్సీ నుంచి ఆమెకి ఫోను వచ్చేసింది. రేపటి నుంచి రావద్దన్నారు. ఇంకో చోట చూపిస్తారా అని అడిగితే, ఆలోచిస్తామని పెట్టేశారు. ఆ మాట విని, లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మేనేజరు ముఖం పాలిపోయింది.

ఆమె ముందుకొచ్చింది. "లేవండమ్మా. దక్కిన గెలుపుని ముందు ఇంటికి తీసుకెళ్ళండి. పిల్లలు ఎదురు చూస్తుంటారు."

"నిన్నొదిలేసి ఎలా వెళ్తామక్కా?"

"వదిలెయ్యమని ఎవరన్నారు? నా సంగతి రేపు మీ సంఘంలో మాట్లాడండి. గేటు మనిషికి కూడా అందులో చోటుందో లేదో తేల్చండి. లేదంటే నేనొచ్చి పోట్లాడతా. ఇప్పుడిప్పుడే నోరు తిరుగుతోంది."

ఈసారి నవ్వు నడవ చివరిదాకా పాకింది. లేచారు. కాలరమ్మాయి మాత్రం లేవకుండానే ఆమె చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ తానే ముట్టుకునే మనిషికి, ఇంకొకరు తన చెయ్యి పట్టుకుంటే దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆమె యూనిఫాం పైచొక్కా విప్పి స్టూలు మీద పెట్టబోతే ఆఫీసు సారు అడ్డుపడ్డాడు. పోతున్న మనిషి, ఈమెని కూడా వెతికి పంపండి అన్నాడు. వెతికే మనిషినే తీసేశాక వెతికేది ఎవరు? సూపర్‌వైజర్ నేల చూపులు చూశాడు. అప్పుడు కోడలు వరసలోంచి బయటికొచ్చి అత్తగారి ఎదురుగా నిలబడింది. అత్తగారు చేతులెత్తింది. ఆ పిల్ల రెండు అరచేతులూ అత్తగారి భుజాల మీద పెట్టింది. కిందికి దిగలేదు, నడుము చుట్టూ తిరగలేదు, జేబులు తట్టలేదు. భుజాల మీదే ఉంచి, ఆఫీసు సారు వైపు తిరిగి, "ఏమీ లేవు సార్" అంది. తర్వాత అత్తగారి కళ్ళలోకి చూస్తూ మెల్లగా అంది. "పదండి అత్తయ్యా. మామయ్య అన్నం చల్లారిపోతుందని గొణుగుతుంటారు."

ఇన్నేళ్ళూ అందరూ వెళ్ళిపోయాక వెనక ఒక్కతే నడిచిన వీధిలో ఆమె ఆ సాయంత్రం గుంపు మధ్యలో నడిచింది. ఎవరో ఆమె సంచీ అందుకున్నారు. ఎవరో రేపు పొద్దున గేటు తెరిచేలోపే అందరూ బయట కలుసుకోవాలని చెబుతున్నారు. కొత్త మనిషిని పెడితే ఆమెతో కూడా మొదటి రోజే మాట్లాడాలని ఇంకెవరో అన్నారు. రేపటి నుంచి ఇల్లెలా గడుస్తుందో ఆమెకి తెలియదు. భయం పోలేదు. దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. మూల తిరిగేదాకా వాళ్ళ మాటలు గేటు దగ్గరికి వినబడుతూనే ఉన్నాయి.

లారీ వెళ్ళిపోయింది. పోలీసు వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్ బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి సాచి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. ఆ చొక్కాల్ని లోపలికి తీసుకెళ్తే ఎక్కడివో చెప్పాలి, బయట పారేస్తే ఎవరివో చెప్పాలి. దీపాలార్పి అతనూ వెళ్ళిపోయాడు. మెడ దాకా గుండీలు పెట్టి, చేతులు వీపు వెనక్కి మడిచి, గుండుసూదులు గుచ్చిన ఆ రెండు చిన్న చొక్కాలు, నడవ మధ్యలో బల్ల మీద అలాగే ఉండిపోయాయి.